అచ్చు అతికే మార్తమ్మ

నాకు నోరు ఎక్కువ. ఈ మాట మా ఆయన గోపాలప్ప పెళ్ళైన మూడో రోజు అన్నాడు. మా అత్త నాలుగో రోజు అంది. బెంగళూరు కబ్బన్‌పేటలో మా సందు వాళ్ళు ఇప్పటికీ అంటారు. అననీ! నాలుగు పవర్‌లూమ్ మగ్గాల మోతలో కాపురం చేసిన ఆడదాని గొంతు పెద్దది కాక చిన్నదవుతుందా? అలాంటి నోరు నా బతుకులో ఒకే ఒక్కసారి తొమ్మిది రోజులు మూతపడింది. సరిగ్గా తెరవాల్సిన సమయంలోనే మూతపడింది. ఆ సంగతి ఇన్నేళ్ళకు కాగితం మీద పెడుతున్నాను. పెడుతుంటే భయం వేయడం లేదు, ప్రాణం తేలిగ్గా ఉంది. కానీ దానికి ముందు మార్తమ్మ ఎవరో చెప్పాలి.

మార్తమ్మ ఇప్పుడు చందాపురలో కూతురు ఎస్తేరు దగ్గర ఉంటోంది. అల్లుడికి అక్కడే ఫ్యాక్టరీలో పని. ఆమె చూపు మందగించింది, మోకాళ్ళు పట్టేశాయి, నవ్వు మాత్రం అలాగే ఉంది. రెండు నెలలకోసారి బస్సెక్కి వెళ్ళి చూసి వస్తాను. వెళ్ళిన ప్రతిసారీ నేను మాట్లాడతాను, ఆమె వింటుంది. మా ఇద్దరి మధ్య పద్ధతి మొదటినుంచీ అదే.

ఆమెది ధర్మవరం దగ్గర ఒక పల్లె. తాతల కాలం నుంచీ క్రైస్తవులు. ఎదురింటి మగ్గాల దగ్గర ఆడుకుంటూ ఆడుకుంటూ అచ్చు అతకడం నేర్చుకుందట. దానియేలు అనే ఆయనకిచ్చి పెళ్ళి చేస్తే, ఎనభై నాలుగులో ఆయన వెంట బెంగళూరు వచ్చింది. ఆయన గారపని చేసేవాడు. శ్రీరాంపురలో రేకుల ఇల్లు. తొంభై ఒకటిలో ఆయన కామెర్లతో పోతే, మరుసటి ఏడు పని వెతుక్కుంటూ మా సందులోకి వచ్చింది. పొట్టి మనిషి. నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, చేతిలో రెండు గిన్నెల క్యారియర్, చంకలో సంచి. సంచిలో అట్ట ఊడిపోయిన బైబిలు.

అచ్చు అతకడం అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మగ్గం మీద ఒక పడుగు నేయడం అయిపోయినప్పుడు దాని నిలువు దారాల కొసలు మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, అందులోని ఒక్కో పోగునూ పాత కొసల్లోని ఒక్కో పోగుకు చేర్చి వేళ్ళతో మెలిపెట్టాలి. ముడి వేయకూడదు, ముడి వేస్తే మగ్గంలో దువ్వెనలా ఉండే అచ్చు పళ్ళలో దూరదు. ఉత్త మెలికే. పట్టుచీరల పడుగంటే నాలుగు వేల పైచిలుకు పోగులుంటాయి. వేళ్ళు చెమటకు జారకుండా పక్కన కొబ్బరిచిప్పలో కట్టెల బూడిద పెట్టుకుని, అద్దుకుంటూ మెలిపెడుతూ పోవాలి. నడుము వంచి పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవడానికి ఉండదు. ఒక్క వరుస తప్పితే చీరంతా తప్పు. అందుకే అచ్చు అతికే మనిషికి ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది చేతికున్న పేరు. మార్తమ్మ చేతికి మా సందులో ఎంత పేరంటే, ఆమె అతికిన మగ్గాన్ని మా ఓబళప్ప తనిఖీ కూడా చేయకుండా నడిపేవాడు. ఓబళప్ప మా మగ్గాలు నడిపే మనిషి. వాడు సొంత తమ్ముణ్ణి కూడా నమ్మడు.

పని సంగతి అది. ఇక నా సంగతి. ఎవరైనా ఎదురుగా కూర్చుంటే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. మాది చౌడేశ్వరమ్మను కొలిచే ఇల్లు, విభూతి పెట్టుకోకుండా గడప దాటం. ఆమె ఏమో ఆ అట్ట లేని పుస్తకం మనిషి. ఇంకేం కావాలి నాకు? ఆమె మగ్గం కింద కూర్చోగానే పక్కన చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ మొదలుపెట్టేదాన్ని.

"ఏం మార్తమ్మా, మీ దేవుడు ఒక్కడే అంటారు కదా. ఇంత లోకాన్ని ఒక్కడే ఎట్ల చూసుకుంటాడే? మా ఇంట్లో నాలుగు మగ్గాలకే నలుగురం చాలకుండా ఉండాము!"

"నాకేం తెలుసక్కా. నన్నయితే చూసుకుంటా ఉండాడు."

"చూసుకుంటా ఉంటే నీ మొగుణ్ణి ఎందుకు తీసకపోయినాడు?"

పాపిష్టిదాన్ని, ఈ మాట కూడా అన్నాను. ఆమె వేళ్ళు ఆగాయి. బూడిద అద్దుకుంది. "అదీ తెలీదక్కా. అడగతా ఉంటా అప్పుడప్పుడు," అని ఇంకో పోగు అందుకుంది.

ఇదేం జవాబు! నాకు ఒళ్ళు మండేది. కాదంటే కదా నేను అవుననేది? అవునంటే కదా కాదనేది? రెండు చేతులు కలిస్తేనే చప్పట్లంటారు. ఈమె రెండో చెయ్యి ఇస్తేనా! అలాగని జంకే మనిషి కూడా కాదు. పదకొండు గంటలకు లేచి, మూలకు పోయి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసుకునేది. ఎవరు నవ్వినా చేసుకునేది. తిరిగి వచ్చి పనిలో కూర్చునేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు నిలదీశాను. "నీకు వాదం చేతకాదా, లేకుంటే నేనంటే లెక్క లేదా?"

అప్పుడు చెప్పింది తన మొగుడి సంగతి. దానియేలు గొప్ప వాదగాడట. సాయంత్రం పని దిగగానే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, బస్టాండులో నిలబడి ఎవరు దొరికితే వాళ్ళతో వాదించేవాడట. పూజారులతో, పక్కింటి సాయిబుతో, చివరికి వేరే చర్చి పాస్టర్లతో కూడా. వాక్యాలన్నీ నాలుక చివరే ఉండేవట. సొంత అన్నతో బాప్తిస్మం మీద వాదం పడి, గెలిచి, మాటలు మానేశాడట. ఆయన పోయినప్పుడు ఆ అన్న మట్టి వేయడానికి కూడా రాలేదట.

"వాదంలో మా ఆయప్ప ఒక్కసారి కూడా ఓడిపోలేదక్కా," అంది మార్తమ్మ ముద్ద కలుపుతూ. "మనుషుల్నే పోగొట్టుకున్నాడు. పెట్టె మోయడానికి నలుగురు దొరికేది కష్టమాయె. ఆ దినమే అనుకుంటి. దేవుణ్ణి నమ్ముకునేది నా పని, దేవుడు నిజమని ఇంకొకరి చేత ఒప్పించేది నా పని కాదు అని."

నేను ఆ పూట నోరు మూసుకున్నాను. మరుసటి రోజు మళ్ళీ మొదలుపెట్టాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇలా ఆరేళ్ళు గడిచాయి. తొంభై ఎనిమిదిలో ఉగాది అయిన తర్వాత చిక్కపేట వ్యాపారి రాజగోపాల్ మాకు మంచి పట్టు పడుగు ఇచ్చాడు. ఆయన చెల్లెలి కూతురి పెళ్ళిచీరలకు. ముహూర్తానికి ఇంకా మూడు వారాలుంది. అంత ఖరీదైన పట్టు మా మగ్గం ఎక్కడం అదే మొదలు. శుక్రవారం పొద్దున మా అత్త ఆ పడుగుకు పూజ చేసి అందరికీ విభూతి ఇస్తోంది. ఎదురింటి ఆడవాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. మార్తమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ జోడించి, "నాకొద్దు పెద్దమ్మా, తప్పుగా అనుకోవద్దండి," అంది.

మా అత్త "సరేలే తల్లీ" అని ముందుకు పోయింది. ఆమెకు లేని రోషం నాకు పొడుచుకొచ్చింది. ఎదురింటావిడ నన్ను చూసి నవ్వింది కదా, అదీ బాధ.

"కట్టెల బూడిద అయితే మోచేతులదాకా పూసుకుంటావు. దేవుని బూడిద వేలితో ముట్టుకుంటే అరిగిపోతావా?" అన్నాను అందరి ముందూ.

"వాదం ఎందుకక్కా. పడుగు ఎక్కించేది ఉండాది," అని ఆమె మగ్గం వైపు నడిచింది.

ఒళ్ళు కాలుతుందా కాలదా మనిషికి! ఆ రోజంతా పడుగు ఎక్కించడంతోనే సరిపోయింది, అతకడం శనివారానికి పడింది. శనివారం పొద్దున, ఆమె రాకముందే, చిప్పలోని కట్టెల బూడిద పారబోశాను. దేవుడి గూటిలో అంగట్లో కొన్న సువాసన విభూతి పొట్లం ఉంటే విప్పి చిప్ప నిండా పోశాను. సాయంత్రం అందరూ ఉండగా బయటపెడదామని నా ఆలోచన. "పొద్దున్నుంచీ నువ్వు చేతులు పెట్టింది దేనిలో తెలుసా మార్తమ్మా? ఏమైందిప్పుడు? నీ దేవుడు అలిగినాడా?" ఈ మాటలు నాలుగైదుసార్లు లోపల అనుకుని చూసుకున్నాను. భలే కుదిరాయి. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆమె వచ్చింది, కూర్చుంది. ఇంట్లో పూజ ముగిసిన వేళ, ఇల్లంతా అదే వాసన. ఆమెకు తేడా తెలియలేదు. నాలుగు వేల పోగులు, తల ఎత్తకుండా అతికింది. సాయంత్రం లేచి నడుము పట్టుకుని, "ఈ దినం బూడిద బాగా జల్లించినావక్కా, మెత్తగా ఉండాది," అంది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. సోమవారం అందరూ ఉన్నప్పుడు చెబుదాంలే అని ఊరుకున్నాను.

సోమవారం పొద్దున రాజగోపాల్ వచ్చి కూర్చున్నాడు, మొదటి జానెడు నేత చూసి పోదామని. ఓబళప్ప పడుగును మెల్లగా ముందుకు తిప్పాడు. అతుకులు అచ్చు పళ్ళ దగ్గరికి వచ్చాయి. ఒక చోట నాలుగు పోగులు జారాయి. ఇంకో చోట పది. వాడు "అయ్యయ్యో" అంటుండగానే గుత్తులు గుత్తులుగా మెలికలు విడిపోయి, పట్టు పోగులు వెనక్కి, పాత కొసలు ముందుకు పడిపోయాయి. వరుసంతా పాడైంది. ఇక నాలుగు వేల పాత కొసలనూ మళ్ళీ అచ్చులోకి ఒక్కొక్కటిగా దూర్చుకోవాల్సిందే.

నాకు అప్పుడు అర్థమైంది. కట్టెల బూడిద గరుకుగా ఉండి పోగును పట్టుకుంటుంది. అంగడి విభూతిలో సుద్ద, సువాసన పొడి, ఇంకా ఏమేమో కలుపుతారు. మెలిక పడినట్టే ఉంటుంది, లాగితే జారుతుంది. ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య బతికిన దాన్ని, నాకు తట్టలేదు. తగువులో గెలవాలన్న కళ్ళకు ఇంకేమీ కనిపించదు.

రాజగోపాల్ లేచి నిలబడ్డాడు. "పెళ్ళికి చీర అందదు. అంతే కదా?" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు, అందుకే ఇంకా భయం వేసింది. మా ఆయన మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "కండ్లు పోయినాయా మార్తమ్మా? చేతులు పోయినాయా? ఆరేండ్లు నమ్మితి కదా నిన్ను!"

మార్తమ్మ వంగి విడిపోయిన కొసలు చూసింది. వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత చిప్ప దగ్గరికి పోయి చిటికెడు తీసి వాసన చూసింది. తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క చూపే. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని గోడకు ఆనుకున్నాను.

"ఎప్పుడూ అతికినట్లే అతికినా అన్నా. నా చేతిలో తప్పు లేదు. దేవునికి తెలుసు," అంది.

"దేవుడు వచ్చి నేస్తాడా చీర? ఇంక నువ్వు రావద్దు," అన్నాడు మా ఆయన.

ఆమె క్యారియర్ తీసుకుంది, సంచి తీసుకుంది, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ రోజునుంచీ నా అవస్థ చూడాలి. ఆమె తప్పకుండా ఎవరికో ఒకరికి చెబుతుంది, సందంతా పాకుతుంది, మా ఆయన నన్ను నిలదీస్తాడు. దానికి జవాబులు కావాలి కదా? కూర్చున్నా నిలబడ్డా జవాబులు తయారు చేసుకున్నాను. విభూతి గాలికి పడి ఉంటుంది. నేను కాదు, మా అత్త పోసి ఉంటుంది. అయినా చిప్పలో ఏముందో చూసుకోవాల్సింది అతికే మనిషే. అయినా పవిత్రమైన విభూతి వల్ల కీడు జరుగుతుందా? ఒకదాన్ని మించి ఒకటి. కోర్టులో వకీళ్ళు కూడా అంత సిద్ధంగా ఉండరు. నేను ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు. ఆమె ఒక్కరికీ చెప్పలేదు.

రాత్రి పడుకుంటే ఆ జవాబులన్నీ వరుసగా వచ్చేవి. చెప్పడానికి ఎదుటి మనిషి లేక నాకే చెప్పుకునేదాన్ని. నాకే నమ్మకం కుదిరేది కాదు. కన్ను మూతపడితే ఒట్టు.

మార్తమ్మ పని కోసం తిరుగుతోందని తెలిసింది. బైరప్ప మగ్గాల దగ్గర వద్దన్నారు. మూలింటివాళ్ళు చూద్దాంలే అన్నారు. అచ్చు అతికే మనిషి చేయి చెడిందని ఒకసారి పేరు పడితే, ఎవరు మాత్రం తమ పట్టు అప్పజెబుతారు? ఆరో రోజు బైరప్ప పెండ్లాం గుమ్మంలో ఆపి, "మార్తమ్మకు ఏమైందంట రత్నమ్మా? అంత చక్కగా అతికే మనిషి!" అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? "ఏమోమ్మా, కండ్లు కనబడడం లేదేమో," అన్నాను. చేసిన పాపం చాలక దాని మీద ఇది. ఇంట్లోకి వచ్చి బియ్యం చేట ముందు పెట్టుకుంటే రాయేదో గింజేదో తెలియలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఇక పట్టలేక శ్రీరాంపుర వెళ్ళాను. క్షమించమని అడగడానికి అనుకుంటారేమో. కాదు! తగువు పెట్టుకోవడానికి. చెప్పేదేదో చెప్పి తగలడు, ఈ మౌనం నా వల్ల కాదు అని అరవడానికి.

ఆమె గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఊదుబత్తీలు చుడుతోంది. వేళ్ళన్నీ నల్లటి పిండి. పక్కన చుట్టినవి కుప్పగా ఉన్నాయి. అది చూడగానే నా నోరు ఊరుకోలేదు.

"ఓహో! విభూతి ముట్టుకోవు, మా దేవుళ్ళకు ఊదుబత్తి మాత్రం చుట్టచ్చా?"

మార్తమ్మ పకపకా నవ్వింది. "పని అక్కా, పని. అచ్చు పని పాయె కదా, ఇది దొరికింది. రా, కూచో."

"కూచునేదానికి రాలేదు. ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఏంది?"

"తెలియనట్లు మాట్లాడొద్దు. చిప్పలో ఏముండిందో వాసన చూసినావు. పోసింది నేనని తెలుసు నీకు."

"తెలుసు."

"మరి మా ఆయనకు చెప్పచ్చు కదా? రాజగోపాల్ ముందరే అనచ్చు కదా?"

"నేను చెబితే నువ్వు కాదంటావు. నువ్వు కాదంటే నేను అవునంటా. నీ నోటి ముందర నా నోరు ఏపాటిదక్కా?" మళ్ళీ నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి, "ఓడిపోతే నా పని పోతాది. గెలిస్తే ఆ ఇంట్లో నీ మర్యాద పోతాది. ఎట్లయినా పోయేదే కదా. నా చేతిలో తప్పు లేదని ఒకసారి చెప్పినా. మిగతాది దేవునికి అప్పజెప్పినా," అంది.

"అట్లని పస్తుంటావా? కోపం రాలేదా నీకు?"

"వచ్చింది, ఎందుకు రాదు! నేనేమన్నా రాయినా? మూడు దినాలు అన్నం సయించలేదు. మోకాళ్ళ మీద కూచుని నీ పేరు పెట్టి తిట్టినా. ఆయన దగ్గర తిడితే ఎవరికీ వినబడదు చూడు. నాలుగో దినానికి తిట్లు అయిపోయినాయి. అప్పుడు అడగాల్సింది అడిగినా."

"ఏమడిగినావు? నీ పని నీకు రావాలనా?"

"అది కూడా అడిగినా, కడుపు ఉండాది కదా. కానీ ముందు, రత్నక్కకు నిద్ర పట్టేటట్లు చెయ్యి తండ్రీ అని అడిగినా."

నేను అక్కడే, ఆ గుమ్మంలోనే చతికిలబడ్డాను. "నాకు నిద్ర పట్టలేదని నీకెవరు చెప్పిరి?"

"ఎవరు చెప్పాల? ఆరేండ్లు నీ పక్కన కూచుంటి. నోటితో ఎన్నయినా అంటావు గానీ, నువ్వు చెడ్డదానివి కాదక్కా. చెడ్డదానివైతే ఎప్పుడో నిద్రపోయి ఉందువు."

చెప్పొద్దూ, ఏడ్చాను. తొమ్మిది రోజుల జవాబులన్నీ కన్నీళ్ళలో కొట్టుకుపోయాయి. ఆమె చేతులు కడుక్కుని వచ్చి కాఫీ పెట్టింది. పోయి చెప్పమని అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. "ఇప్పుడు నేనేం చెయ్యాల?" అని నేనే అడిగాను. "నాకేం తెలుసక్కా," అంది. ఆ మాట మీద నాకు కోపం రాకపోవడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా మగ్గాల గదిలోకి పోయి, "ఓబళప్పా, మగ్గాలు ఆపు," అన్నాను. కరెంటు పోయిందేమో అన్నంత అదాటున ఆపాడు వాడు. మా ఆయన, మా అత్త, ఓబళప్ప ముగ్గురూ నన్నే చూస్తున్నారు. విభూతి పోసింది నేను, ఎందుకు పోశానంటే ఇందుకు, ఆమెకు తెలిసి కూడా చెప్పలేదు, కళ్ళు కనబడవని బైరప్ప పెండ్లాంతో అబద్ధం చెప్పింది కూడా నేనే. అన్నీ చెప్పేశాను. ఒక్క మాట దాచుకోలేదు.

మా ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "గడియసేపు మూసుకోలేని నోరు కదే నీది. తొమ్మిది దినాలు ఎట్ల మూసుకున్నావు?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మా అత్త మాత్రం వదల్లేదు. "నేను భక్తితో ఇచ్చే విభూతిని పందేనికి వాడుకుంటావా? దేవునికి నువ్వు వకీలువా? ఆయమ్మ తన దేవుణ్ణి నమ్ముకోని ఊరికే ఉండాది. నీకు నీ చౌడమ్మ మీద అంత నమ్మకం ఉంటే, ఆమెను గెలిపించే పని నువ్వెందుకు నెత్తికెత్తుకున్నావు?" అంది. మార్తమ్మ చెప్పిన మాటే, వేరే గుడి నుంచి వచ్చింది. నేను తల వంచుకుని విన్నాను. వింటూంటే, విచిత్రం, గుండెల మీద బండ దిగినట్టు ఊపిరి ఆడింది.

ఆ సాయంత్రమే సందులో ఇంటింటికీ పోయాను. ముందు బైరప్ప ఇంటికి. "మార్తమ్మ కండ్లూ చేతులూ బాగుండాయి. చెడింది నా బుద్ధి," అని గుమ్మంలో నిలబడి చెప్పాను. కొందరు నవ్వారు, ఒకావిడ ముక్కు మీద వేలేసుకుంది. నవ్వనీ. రాజగోపాల్ దగ్గరికి మా ఆయనా నేనూ కలిసి పోయాం. ఆయన పెట్టిన నాలుగు చీవాట్లూ న్యాయమైనవే. వాళ్ళ పిల్ల పెళ్ళికి అంగట్లో చీర కొన్నారు, ఆ తప్పు నేను దిద్దలేకపోయాను. కానీ చివర్లో ఆయన, "మిగిలిన పట్టు మీ మగ్గం మీదే ఉండనీ. ఆయమ్మ చేత్తోనే అతికించండి," అన్నాడు.

మార్తమ్మను పిలవడానికి మా ఆయనే వెళ్ళాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. బుధవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే క్యారియర్, సంచి పట్టుకుని వచ్చి, "ఏం పెద్దమ్మా, బాగుండారా?" అని మా అత్తను పలకరించి, మగ్గం కింద కూర్చుంది. జరిగినదాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఓబళప్ప వారం కష్టపడి పాత కొసలన్నీ మళ్ళీ అచ్చులో దూర్చి పెట్టాడు. చెడిపోయిన జానెడు కోసేసి, మిగిలిన పట్టు పడుగు ఆమె అతకాలి.

నేను పక్కన చేరి పోగులు విడదీసి అందిస్తానన్నాను. "సరే కూచో," అంది. మిగతా మూడు మగ్గాలూ ధడధడా ఆడుతున్నాయి. పది పోగులు అందించానో, పాతిక అందించానో నాకు తెలియదు. గోడకు ఆనుకున్న గుర్తుంది. అంతే.

నాకు మెలకువ వచ్చి చూసేసరికి సాయంత్రం ఎండ కిటికీలోంచి వాలుగా పడుతోంది. మగ్గాల మోత అలాగే ఉంది. ఆ మోతలో, పగటిపూట, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి, కింద నేల మీద నేను ఎనిమిది గంటలు ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. తల కింద ఎవరో మడత పెట్టిన గుడ్డ పెట్టారు. అతకడం అయిపోయింది, మార్తమ్మ వెళ్ళిపోయింది.

"లేపచ్చు కదా!" అని ఓబళప్ప మీద అరిచాను.

"నేను లేపబోతి అక్కా. మార్తమ్మ లేపనియ్యలేదు," అన్నాడు వాడు. "పోయేటప్పుడు నీ పక్కన నిలబడి కండ్లు మూసుకోని ఏందో అనుకునె."

"ఏమనుకుంది?"

"మోతలో నాకేం వినబడతాది? వందనాలు తండ్రీ అని మాత్రం వినబడె. అంతే, పోయె."

నేను ఏదో ఒకటి అనాలి కదా. లేచి పొయ్యి దగ్గరికి పోయాను. కట్టెల బూడిద జల్లించి, మార్తమ్మ చిప్ప నిండా పోసి పెట్టాను.